వెదురు లేని కొండ

మా ఊళ్లో ఇద్దరు పైలట్లకు టెంకాయలు కొడతారు. నవ్వకండి. కొండ కింద, గొర్రెలూ మేకలూ పైకెక్కే దారి మొదట్లో వాళ్ల రాయి ఉంది. మృగశిర కార్తెకు ముందు వచ్చే ఆదివారం దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, డప్పులతో ఊరంతా అక్కడికి పోతారు. ఆ ఇద్దరూ ఈ కొండ మీద మంటలార్పుతూ హెలికాప్టర్ కూలి చనిపోయారు. వాళ్లను తలుచుకునే రోజున టెంకాయ కొట్టగానే మా వాళ్లు చేసే పని ఏమిటంటే, ఆ కొండకు నిప్పు పెట్టడం.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. ఎవరి మీద అంటే ముందు ఊరి మీద అంటాను. చివరిదాకా చదివితే ఇంకెవరి మీదో మీకే తెలుస్తుంది.

మాది కడప జిల్లాలో లంకమల అంచున ఉండే ఊరు. నేను హిందీ టీచర్‌ని. హిందీ కర్నూల్లో చదివాను. పుస్తకంలో లేని హిందీని అక్కడి సాయిబుల ఇళ్ల అరుగుల మీద నేర్చుకున్నాను. మొదటి ఉద్యోగం కోసిగి దగ్గర. సంక్రాంతి పోగానే తల్లిదండ్రుల వెంట పిల్లలు కూడా సుగ్గికి, అంటే వలస కూలికి, వెళ్లిపోతే, పత్తి చేలలో ఉన్న పిల్లల పేర్లు హాజరుపట్టీలో పిలిచి, ఖాళీ బెంచీలకు పాఠం చెప్పి, పదకొండేళ్ల తరువాత సొంత ఊరికి బదిలీ చేయించుకున్నాను. మా అన్న ఇంటి పక్కనే నా ఇల్లు. మా నాయన పోయాక నన్ను చదివించింది అన్నే. అన్నకు జీవాలున్నాయి. జీవాలంటే గొర్రెలూ మేకలూ. వాటిని మేపడం తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

మా కొండ మీద బోదగడ్డి మనిషి నడుమెత్తు పెరుగుతుంది. లేతగా ఉన్నప్పుడు జీవాలు తింటాయి, ముదిరితే మూతి పెట్టవు. ఎండాకాలంలో దాన్ని కాలిస్తే తొలి వానకు బూడిదలోంచి పచ్చని పిలకలు వస్తాయి. అందుకని ఏటా ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఎవరు గీశారని ఎవరూ అడగరు. అడగకపోవడం మా ఊరి మర్యాద. పైగా కొండ కాలితే మబ్బు దిగుతుందని పెద్దవాళ్లకొక నమ్మకం. చిన్నప్పుడు ఆ మంటలను మిద్దె మీద కూర్చుని నేనూ వేడుకగా చూసినదాన్నే.

ఆరేళ్ల కింద ఒక ఏప్రిల్‌లో గాలి ఎక్కువైంది. మంట బోద దాటి, గుట్ట దాటి, ఎర్రచందనం చెట్లున్న అడవిలోకి పోయింది. అడవి శాఖ మనుషులు పచ్చి కొమ్మలు విరిచి నాలుగు రోజులు మంటలను బాదారు. వాళ్ల మొహాలు చూస్తే ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఐదో రోజు హెలికాప్టర్‌ను పిలిపించారు. అది దిగేంత చదునైన చోటు చుట్టుపక్కల మా బడి మైదానం ఒక్కటే.

ఒంటిపూట బడి నడుస్తోంది. అది దిగుతుంటే లేచిన దుమ్ముకు తొమ్మిదో తరగతి గదిలో నల్లబల్ల కూడా ఎర్రబడింది. బడి పక్కన ఒక అవ్వ కొట్టం మీది బోద సగం గాల్లోకి లేచిపోయింది. అవ్వ చీపురు పట్టుకుని నేరుగా పైలట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మంటలార్పను వస్తిరా, నా కొట్టం పీకను వస్తిరా?"

పైలట్లు ఇద్దరు. ఒకాయన నలభై దాటినవాడు, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. రెండోవాడు చిన్నవాడు, మాటకు ముందు నవ్వే రకం. ఇద్దరిదీ ఉత్తరాది. పెద్దాయన అవ్వకు రెండు చేతులెత్తి దండం పెట్టి, ఏమంటోందో చెప్పమని చుట్టూ చూశాడు. హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అలా ఊరికీ వాళ్లకీ మధ్య నోరు నాదైంది.

హెలికాప్టర్ కింద పొడుగాటి తాడుకు నారింజ రంగు పెద్ద బకెట్టు వేలాడేది. మా ఊరి అవతల చిన్న ప్రాజెక్టు ఉంది. దాని నీళ్లలో బకెట్టు ముంచి, కొండ మీదికి పోయి, మంట పైన అడుగు తెరిచి వదిలేవాళ్లు. కింద నుంచి చూస్తే కాలే కొండ మీద వాన పడినట్టే ఉండేది. పిల్లలు ఈలలు వేశారు. ముసలివాళ్లు కొందరు చెప్పులు విడిచి దండాలు పెట్టారు. ఆ దండాలు ఎక్కడిదాకా పోతాయో నాకు అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నాలు బడి వంటావిడ వాళ్లకు సంగటి ముద్ద, చెనిక్కాయలు అంటే వేరుశెనగలు నూరి చేసే కారం పచ్చడి ఊరుబిండి పెట్టింది. పెద్దాయన కళ్లలో నీళ్లు కారుతున్నా మళ్లీ వేయించుకున్నాడు. ఇంటికి పోయాక భార్యకు చెప్పాలి, ఎలా నూరతారో రాసివ్వండి అని నన్నడిగాడు. రేపు రాసిస్తాను అన్నాను.

రెండో రోజు తిన్నాక, చేతులు కడుక్కుంటూ, ఊరివాళ్లను ఒక మాట అడగమన్నాడు. "మంట ఎక్కడ మొదలైందో పైనుంచి తెలుస్తుంది మేడమ్. కింద దారి వెంట చాలు తీసినట్టు ఉంది. పిడుగులు పడే కాలం కాదు. ఎవరైనా పెట్టి ఉంటే మేమేమీ అనం. ఇంకెక్కడైనా పెట్టారా అన్నది తెలిస్తే చాలు. పొగ లోపల ఏముందో మాకు కనబడదు."

నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. బడి అరుగు మీద పదిహేను మంది దాకా ఉన్నారు. అందరూ సర్పంచు వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవురూ పెట్టల్యా టీచరమ్మా. ఎండకు యెదురు బొంగులు ఒకదానికొకటి రాసుకుంటాయి గదా, దాంట్లోంచి పుడతాది. యేటా ఉండేదే అని సెప్పు."

అందరూ తలలూపారు. నేను ఆ మాటను చక్కని హిందీలోకి మార్చి ఆయనకిచ్చాను. ఆయన కొండ వైపు చూశాడు, తరువాత నా వైపు చూసి నవ్వాడు. "రెండు రోజులుగా ఆ కొండ మీదే తిరుగుతున్నాను మేడమ్. ఒక్క వెదురు పొద కనబడలేదు."

ఆ మాటను నేను తెలుగు చేయలేదు. అరుగు చివర కూర్చున్న మా అన్న, జీవాలను చూసొస్తానని లేచి వెళ్లిపోయాడు.

మూడో రోజు నేను తొమ్మిదో తరగతికి కబీరు దోహా చెబుతున్నాను. హెలికాప్టర్ చప్పుడుకు మాకు అలవాటైపోయింది, దాని మీదుగానే పాఠం చెప్పేదాన్ని. చప్పుడు ఒకసారి గట్టిగా మారింది. తరువాత లేదు. నా గొంతు ఒక్కటే గదిలో పెద్దగా వినబడింది. వంటావిడ రెండు పళ్లేల్లో సంగటి పెట్టి, ఈగలు వాలకుండా మూతలు వేసి పెట్టింది.

కొండకు ఉత్తరాన ఒక వంక ఉంది, నీళ్లు లేని లోతైన వంక. అక్కడ రాజుకుంటున్న నిప్పు ఒక్కసారిగా లేచిందట. ఆ పొగలో గుట్ట అంచు కనబడలేదని తరువాత చెప్పారు. అందరికంటే ముందు పైకి పరిగెత్తింది మా అన్న, దారులు తెలిసినవాడు కనుక. పెద్దాయనను తన గొంగడిలో వేసి, ఒక కొస తాను పట్టుకుని దించుకొచ్చాడు. ఇద్దరినీ బడి అరుగు మీదే పడుకోబెట్టారు. ఊరుబిండి ఎలా నూరతారో రాసిన కాగితం నా చేతిసంచిలో ఉంది.

మరునాడు పొద్దున అన్న బోరు దగ్గర ఆ గొంగడి ఉతుకుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"నేనే పెట్టినా అమ్మీ. దారి కాడ ఒక తావు, వంకలో ఒక తావు. యేటా పెట్టేదే గదా. ఇట్ల ఇమానం వస్తాదని యెవురు కలగన్న్యారు?"

"ఆయన అడిగినప్పుడు వంక సంగతి చెప్పి ఉండొచ్చు కదన్నా?" అని అరిచాను.

అన్న గొంగడి పిండుతూ నా మొహంలోకి చూశాడు. "ఆయప్ప అడిగింది నిన్ను. నువ్వు గదా యెదురు బొంగులని సెప్తివి."

వంక సంగతి తెలిసి ఉంటే వాళ్లు బతికేవాళ్లా అంటే, ఏమో. కానీ వాళ్లు మమ్మల్ని అడిగారు. మేం చెప్పలేదు.

తరువాత అధికారులు వచ్చారు, అందరినీ పిలిచి అడిగారు. నిప్పు ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదని రాసుకున్నారు. చదువుకున్నదాన్నని నా చేత కూడా సంతకం చేయించారు. చేశాను. నాయకులు వచ్చి బడి మైదానంలో పందిరి వేసి గంటన్నర మాట్లాడారు. ప్రకృతి కన్నెర్ర చేసిందన్నారు. ప్రకృతికేం, ఎంత నింద వేసినా తిరిగి మాట్లాడదు. ఊరు చేతులు దులుపుకుంది. నేను కూడా.

ఊరికి సిగ్గేసిందో భయమేసిందో, రాయి నిలబెడదాం అన్నారు. మా ఊరి మొదట్లో పాత వీరగల్లు ఒకటుంది. ఎప్పుడో ఆవుల మందను కాపాడుతూ చనిపోయినవాడిది, చేతిలో కత్తి ఉంటుంది. అలాంటిదే కావాలని ఆళ్లగడ్డ నుంచి శిల్పిని పిలిపించారు. శిల్పి అడిగాడు, చేతుల్లో ఏం పెట్టాలి అని. బకెట్టు అన్నారు. ఆయన బకెట్టు చెక్కితే ఏం బాగుంటుందని కలశాలు చెక్కాడు. కలశాల్లోంచి నీటి ధారలు. పైన హెలికాప్టర్, రెక్కలెత్తిన గరుడపక్షి మాదిరి. రాయి బాగుంది, కాదనను. కానీ ఆ రాయి చూసి మంటలార్పే మనుషులు అని ఎవరనుకుంటారు? వానదేవుళ్లు అనుకుంటారు.

పేర్లు నేను తెలుగులో రాసి ఇచ్చాను. సర్పంచు ఆ కాగితం చదవబోయి, సగంలో ఆగిపోయి, "ఈ పేర్లు మన నోట యాడ తిరుగుతాయి టీచరమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాయి మీద విమాన వీరులు అని చెక్కించారు. జనం నోట్లో అది ఇమానమయ్యలు అయింది. వాళ్లకు తల్లులు పెట్టిన పేర్లు సర్పంచు చొక్కాతో పాటు ఉతుకులో పోయాయి.

మృగశిర ముందర రాయి నిలబెట్టారు. మృగశిరలో వాన పడింది. మృగశిరలో వాన పడక ఏం పడుతుంది? కానీ ఊరు లెక్క వేసుకుంది. కొండ కాలింది, ఆకాశంలోంచి నీళ్లు దిగాయి, ఆ నీళ్లు తెచ్చినవాళ్లు ఇప్పుడు మన రాయిలో ఉన్నారు. మరుసటి ఏడు రాయికి మొక్కి, దాని వెనకే బోదకు దివిటీ అంటించారు. పిలిస్తే వస్తారట! మంటను చూపించి పిలవాలట! చచ్చినా ఆ ఇద్దరికీ ఈ కొండ మంటలార్పే పని తప్పలేదు.

ఆ రోజు నేను రాయి ముందు నిలబడి అరిచినంతగా బడిలో కూడా ఎప్పుడూ అరవలేదు. "వాళ్లను చంపిందే ఈ నిప్పు. దాన్నే తెచ్చి వాళ్ల మొహాన పెడతారా?" అన్నాను.

సర్పంచుకు కోపం రాలేదు. పిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. "వాళ్లు సచ్చింది నిప్పుకు కాదు గదమ్మా, గుట్ట తగిలి సచ్చిరి. మేం మంచిగానే కొలుస్తాండాం. నీకేం కష్టం?"

"పోనీ, అడవి కాలదా?"

"ఇంత గడ్డే గదా టీచరమ్మా కాలుస్తాండేది. నీ బడికాడికి రాదులే."

అందరూ నవ్వారు. నేను విసవిసా ఇంటికి వచ్చేశాను. అన్ని మాటలన్నాను గానీ అనాల్సిన ఒక్క మాట అనలేదు. మొదటి నిప్పు మా అన్నది అని, ఆ అబద్ధం నా నోట పోయిందని అనలేదు. ఆ మాట లేకుండా ఎంత అరిచినా గాలికి పోతుందని నాకు తెలుసు. అయినా ఏటా అరిచేదాన్ని. అరిస్తే ఆ రోజుకు అన్నం సహించేది.

పెద్దాయన భార్య సంగతి చెప్పాలి. ఆమె ఆ ఏడే ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఏడవలేదు. చివరి రోజుల్లో ఏం తిన్నాడు అని అడిగింది. సంగటి, ఊరుబిండి అని చెప్పాను, కాగితంలో రాసింది చదివి వినిపించాను. "ఆయన కారం ముట్టేవాడు కాదే" అని, మళ్లీ ఒకసారి చదవమంది. అప్పటి నుంచి ఏటా ఆ ఆదివారం రాయి ఫోటో తీసి ఆమెకు పంపేదాన్ని. బంతిపూలు, పసుపు, టెంకాయ చెక్కలు. ఊరంతా తలుచుకుంటోంది అని కింద రాసేదాన్ని. ఆమె దండం బొమ్మ పంపేది.

ఆ ఫోటో తీయడంలో నాకొక నేర్పు వచ్చింది. రాయికి ఎడమవైపు వంగి తీస్తే వెనక కాలిన నేల పడదు. పూలు, రాయి, పైన కొంచెం ఆకాశం. అంతే.

పోయిన ఏడు ఆమె చెప్పకుండా వచ్చింది. ఆ ఆదివారం పొద్దున కడపలో దిగి ఫోన్ చేసింది, గంటలో వస్తున్నానని. సర్పంచు ఇంటికి పరిగెత్తి బతిమిలాడాను. ఈ ఒక్క ఏడు ఎప్పటిలా వద్దు, ఆమె కళ్ల ముందు ఎప్పటిలా వద్దు అన్నాను. "సరేలే టీచరమ్మా, నువ్వు ఇంతగా అడుగుతాంటే కాదంటానా" అన్నాడు. నమ్మాను.

ఊరు ఆమెను చాలా గౌరవంగా చూసింది. అబద్ధం చెప్పను. చెట్టు కింద కుర్చీ వేశారు, ఆడవాళ్లు చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. కొట్టం పోయిన అవ్వ ఒక తువ్వాలులో చెనిక్కాయలు కట్టి ఒడిలో పెట్టింది. ఆమె రాయి ముందు కూర్చుని ఆ కలశాల మీద వేలితో రాసింది. ఆయన పేరు ఎక్కడుంది అని అడిగింది. లేదన్నాను.

తరువాత, కిందికి మోసుకొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. జనం మా అన్నను ముందుకు తోశారు. ఆమె లేచి ఆయన చేతులు రెండూ పట్టుకుంది. "మా ఇంటివాళ్లు చేయాల్సిన పని మీరు చేశారు. మీ రుణం తీరదు" అంది. తెలుగులో చెప్పమని నా వైపు చూసింది. చెప్పాను. ఒక్కో మాట నోట్లోంచి పీకినట్టు చెప్పాను. అన్న తల ఎత్తలేదు. ఆమె వినయం అనుకుంది.

అప్పుడు వచ్చాడు సర్పంచు, చేతిలో మండుతున్న దివిటీతో. మొహం వెలిగిపోతోంది. "ఆయమ్మ సేత్తోనే పెట్టిద్దాం టీచరమ్మా. ఇంతకన్నా పున్నెం యాడుండాది? సెప్పు, సెప్పు." నేను బతిమిలాడింది ఆయనకు ఎలా అర్థమైందో చూడండి. ఆమె వస్తోంది కదా, మామూలుగా కాకుండా ఘనంగా చేయమన్నాను అనుకున్నాడు.

డప్పులు మొదలయ్యాయి. ఆమె చేతికి దివిటీ ఇచ్చేశారు. హారతి ఇవ్వాలా అని ఆమె నన్ను అడిగింది.

అవునని ఉంటే సరిపోయేది. ఆమె రాయి చుట్టూ తిప్పేది, తరువాత ఎవరో అందుకుని బోదలో పెట్టేవాళ్లు, ఏదో గడ్డి అంటుకుంది అనుకునేది. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది. వెదురు బొంగుల కంటే తేలికైన మాట. కానీ ఆమె ఆనాటి పెద్దాయనలాగే చూస్తోంది, నేనేం చెబుతానా అని.

"హారతి కాదు. కొండకు నిప్పు పెట్టమంటున్నారు. ఏటా ఇక్కడ పెడతారు. ఆయన ఆర్పడానికి వచ్చిన మంట కూడా ఇలా మనిషి పెట్టిందే. ఎక్కడెక్కడ పెట్టారని ఆయన అడిగాడు. ఎవరూ పెట్టలేదని నేను అబద్ధం చెప్పాను. పెట్టింది మా అన్న, జీవాలకు లేత గడ్డి మొలవాలని. ఇప్పుడు మీరు చేతులు పట్టుకున్న మనిషి."

హిందీలో చెప్పి, అదంతా మళ్లీ తెలుగులో గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను. డప్పులు ఆగాయి. అన్న అక్కడే నేల మీద కూర్చున్నాడు.

రాయికి పోయడానికి తెచ్చిన నీళ్ల బిందె పక్కనే ఉంది. ఆమె దివిటీని అందులో ముంచింది. అది చల్లారేదాకా పట్టుకుని, తీసి నేల మీద పెట్టింది. అన్న వైపు చూసి, నా వైపు తిరిగింది. నాతో అంది.

"ఆయన గడ్డి కోసం పెట్టాడు. ఏమవుతుందో తెలియదు. మీకు అన్నీ తెలుసు. తెలిసి ఐదేళ్లు నాకు పూల ఫోటోలు పంపారు."

అంతే. నన్ను ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. ఊరి మీద నేను ఐదేళ్లు పడిన కోపమంతా ఆ ఒక్క మాటతో నా మీదికే తిరిగింది. తిరగాల్సిందే. సర్పంచుకు తెలియనితనం ఉంది, అన్నకు జీవాల ఆకలి ఉంది. నాకేం ఉంది? అన్న పరువు, నా సంతకం, నలుగురిలో మంచి పేరు.

అవ్వ ఇచ్చిన చెనిక్కాయల మూటను మాత్రం ఆమె జాగ్రత్తగా పట్టుకుని కారెక్కింది. కారు కడప రోడ్డు మలుపు తిరగకముందే కొండకు అటువైపు నుంచి పొగ లేచింది. ఎవరో, ఎవరో కాదు మా ఊరివాళ్లే, మొక్కు చెడగొట్టుకోవడం ఎందుకని అటుపక్క అంటించారు. ఆమె వెనక్కి తిరిగి ఉంటే కనబడే ఉంటుంది. ఆ రోజు నేను రోడ్డు మీద నిలబడి ఊరినీ, నన్నూ కలిపి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, పిల్లలకు పాఠాలు చెప్పే నోరు.

సాయంత్రం ఆమె దగ్గర నుంచి హిందీలో ఒక మాట వచ్చింది. "ఇకమీదట రాయి ఫోటో వద్దు. కొండ ఫోటో పంపండి."

ఈ ఏడు అదే ఆదివారం ఫోన్ పట్టుకుని కొండ కిందికి పోయాను. ముందు రోజు పగలే ఎవరో అంటించారు. ఎప్పటిలాగే ఎవరూ పెట్టలేదు. రాయి వెనక నుంచి సగం గుట్ట దాకా నల్లగా ఉంది, ఇంకా అక్కడక్కడా పొగ. పైసగం, ఉత్తరపు వంక వైపు మాత్రం గడ్డీ, పచ్చని చెట్లూ అలాగే నిలిచి ఉన్నాయి. మా అన్న కింద రాయికి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకున్నాడు, గుడ్డల అంచుల్లో బొబ్బలు కనబడుతున్నాయి. పక్కన ఆకులు మాడిపోయిన కానుగ కొమ్మ ఒకటి పడి ఉంది. వంక వైపు పోకుండా ఆ కొమ్మతో ఒక్కడే బాదాడట. ఊళ్లో ఎవరూ తోడు రాలేదట. పోయిన ఏటి నుంచి మా అన్నతో మాట్లాడేవాళ్లు తక్కువ, నాతో ఇంకా తక్కువ.

నేను ఫోన్ ఎత్తాను. అన్న లేచి వంక వైపు చేయి చూపించాడు.

"అటుపక్క నుంచి తియ్యి అమ్మీ. అటుపక్క పచ్చగా ఉండాది."

ఆ పచ్చదనం ఆయన చేతులు కాల్చుకుని మిగిల్చింది. అది ఆమెకు కనబడాలని ఆయన ఆశ. నాకు తెలుసు. కానీ అటుపక్క నుంచి, ఇటుపక్క నుంచి తీయడంలో నా అంత ఆరితేరినవాళ్లు ఈ ఊళ్లో లేరు.

"అట్లనే ఐదేళ్లు తీసినానన్నా. ఆయమ్మ కొండను పంపమనింది. ఈడ నుంచే తీస్తా" అన్నాను.

అన్న రాయిని దాటి, కాలిన బోద మీదికి నడిచాడు. అడుగు పడినచోటల్లా బూడిద లేచింది. నలుపు మధ్యలోకి పోయి, నా వైపు తిరిగి, గుడ్డలు చుట్టిన చేతులు పక్కకు వదిలేసి నిలబడ్డాడు.

"నేను పడతాండానా సూడు" అన్నాడు.

"పడతాండావు" అన్నాను. తీసి పంపాను.